ఎరుకల బిడ్డను ఊరిపేరుతో అనుమానించొద్దు: డీజీపీ గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ డీజీపీ గారికి నమస్కారం.

తిరుమల కథ మీకు తెలిసే ఉంటుంది. పద్మావతి కోసం వేంకటేశ్వరుడు ఎరుకలసాని వేషం కట్టి, చంకన బుట్టతో ఆకాశరాజు అంతఃపురంలోకి వెళ్లి సోది చెప్తాడు. మన కథల్లో, యక్షగానాల్లో ఆమెకు పీట వేసి కూర్చోబెట్టారు. బయట మాత్రం ఆమె పిల్లలకు దొంగలన్న ముద్ర వేశారు.

ఆ ముద్ర వేసింది బ్రిటిష్ సర్కారు. కొన్ని జాతులవాళ్లను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టే నేరస్థ జాతుల చట్టాన్ని 1871లో తెచ్చి, దాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించారు. అంతకుముందు ఎరుకలవాళ్లు గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసుకెళ్లి అమ్మేవాళ్లు. రైళ్లు వచ్చి ఆ బేరం పోయింది. బతుకుదెరువు పోయినవాళ్లను సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేయించారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా పుట్టిందే. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. ఈత బద్దలు చీల్చి బుట్టలల్లే ముసలమ్మ మనవడు ఉద్యోగానికి వెళ్లి ఊరిపేరు చెప్పగానే ఎదుటివాళ్ల చూపు మారిపోవడం మాత్రం ఆగలేదు. సినిమాలు కూడా ఆ పేరునే అమ్ముకున్నాయి. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఆ చట్టం రద్దుతో నేరస్థ ముద్ర తొలగిన విముక్త జాతులవాళ్లను ఇష్టానుసారం అరెస్టు చేయకూడదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును ప్రతి స్టేషన్‌కూ తెలుగులో పంపండి. పత్రికా ప్రకటనల్లో నిందితుల కులం రాయొద్దని ఆదేశించండి. కేవలం పుట్టుక చూసి తెరిచిన హిస్టరీ షీట్లు ఏమైనా ఉంటే మూయించండి.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయిని