అర్పితా సింగ్ చిత్రాలను ఊరూరా చూపించండి

కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

2025లో లండన్‌లోని సర్పెంటైన్ గ్యాలరీ మన చిత్రకారిణి అర్పితా సింగ్ ఆరు దశాబ్దాల చిత్రాలను ఒకచోట చేర్చి, నెలల తరబడి ప్రదర్శించింది. విదేశంలో ఒక కళాసంస్థ ఆమె ఒక్కరికే ప్రదర్శన ఏర్పాటు చేయడం అదే మొదటిసారి. అప్పటికి ఆమెకు 87 ఏళ్లు. వార్త చదివి ఎంత సంతోషించానో, ఈ పని మన ప్రభుత్వం చేయాల్సింది కదా అని అంత బాధపడ్డాను. ఇక్కడ 2019లో ఆమె జీవితకాల కృషిని ఢిల్లీలో చూపించిన కిరణ్ నాడార్ మ్యూజియం కూడా ప్రైవేటు సంస్థే.

1937లో బెంగాల్‌లోని బరానగర్‌లో పుట్టిన అర్పిత చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకుని, 1946లో తల్లితో ఢిల్లీ చేరారు. చిత్రకళ చదువు పూర్తయ్యాక చేనేత సేవా కేంద్రంలో డిజైనర్‌గా పనిచేశారు. అది ప్రభుత్వ సంస్థేనని మీకు వేరే చెప్పనవసరం లేదు. నేత బట్టల మీది పూలు, అంచులు, బెంగాల్ కాంతా కుట్టుపనిని తలపించే చిన్న చిన్న గీతలు ఆ తర్వాత ఆమె కాన్వాసుల నిండా పరచుకున్నాయి. 1970లలో మాత్రం ఆమె కొన్నేళ్లు బొమ్మలను పక్కన పెట్టి, చుక్కలతో, గీతలతో నలుపు తెలుపు నైరూప్య చిత్రాలు వేశారు. పేరు వస్తున్న దశలో మళ్లీ ఓనమాల దగ్గర కూర్చున్న ఆ పట్టుదలంటే నాకు ఎనలేని గౌరవం.

1993లో వేసిన ‘మై మదర్’ చూడండి. కుడివైపున తెల్లచీర కట్టుకున్న వృద్ధురాలు నిటారుగా నిలబడి ఉంటుంది. ఆమె వెనక నగరం అల్లకల్లోలంగా ఉంటుంది: ఆయుధాలు పట్టిన మనుషులు, గుడ్డ కప్పిన శవాలు. బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాతి అల్లర్ల కాలపు చిత్రమిది. తల్లి వెనక్కి తిరిగి చూడదు, అక్కడి నుంచి కదలదు. ఇలాంటి చిత్రాన్ని పుస్తకంలో అరచేయంత బొమ్మగా చూస్తే సరిపోదు, ఎదురుగా నిలబడి చూడాలి.

ఆమె ‘విష్ డ్రీమ్’ 2010లో వేలంలో దాదాపు 9.6 కోట్ల రూపాయలు పలికింది. ఆ ధర పత్రికల్లో చదివినవాళ్లలో చిత్రాన్ని కళ్లారా చూసినవాళ్లెందరు?

1987 నుంచి 1989 వరకు నళినీ మలానీ, మాధవీ పారేఖ్, నీలిమా షేక్‌లతో కలిసి అర్పిత తమ నీటిరంగుల చిత్రాలను ఊరి నుంచి ఊరికి తీసుకెళ్లి, వ్యాపారంతో సంబంధం లేని వేదికల మీద చూపించారు. నలుగురు చిత్రకారిణులు చేయగలిగిన పని ఒక మంత్రిత్వ శాఖకు భారమా?

2011లో ఆమెకు పద్మభూషణ్ ఇచ్చారు, బాగుంది. ఇప్పుడు జాతీయ ఆధునిక కళా గ్యాలరీ చేత ఒక సంచార ప్రదర్శన ఏర్పాటు చేయించండి. ప్రైవేటు సేకర్తల నుంచి చిత్రాలను అరువు తెప్పించండి. వాటి బీమా, రవాణా బాధ్యత ప్రభుత్వమే తీసుకోవాలి. ఆ గ్యాలరీకి ఢిల్లీ, ముంబయి, బెంగళూరుల్లో భవనాలున్నాయి. ప్రదర్శన అక్కడితో ఆగకుండా హైదరాబాద్, విశాఖపట్నం, రాంచీ, గువాహటి కూడా చేరాలి. గోడ మీది వివరాలు ఎక్కడికక్కడ స్థానిక భాషలో రాయించండి, బడిపిల్లలను ఉచితంగా రానివ్వండి.

ఇదంతా ఆమె కళ్లముందే జరగాలి. రాబోయే బడ్జెట్‌లోనే దీనికి నిధులు కేటాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక చిత్రకళాభిమాని