ఎయిర్‌పోర్ట్ పక్కన ఊళ్లకి ఏం మిగులుతుంది?

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మా భోగాపురం ఎయిర్‌పోర్ట్‌కి 2019లో ఒకసారి, 2023 మేలో ఇంకోసారి శంకుస్థాపన చేశారు, రెండుసార్లూ లోకల్ పిల్లలకి ఉద్యోగాలొస్తాయనే విన్నాం. ఇది పీపీపీ ప్రాజెక్టు, అంటే భూమి గవర్నమెంట్ సేకరించి ఇస్తుంది, కట్టి నడిపేది ప్రైవేటు కంపెనీ. నేను పీపీపీకి వ్యతిరేకం కాదు, 2008లో మొదలైన శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ కూడా అలా వచ్చిందే, దాని చుట్టూ ఎంత పెరిగిందో చూస్తూనే ఉన్నాం.

కానీ ఆ పెరుగుదలలో భూమి ఇచ్చిన ఊరోడి వాటా ఎంత? మా వీధిలో ఒకబ్బాయి డిప్లొమా చేశాడు, వాళ్ల కొబ్బరితోట, సరుగుడు తోట రెండూ ప్రాజెక్టులో పోయాయి, సర్టిఫికెట్లు కవర్లో పెట్టుకుని ఒక కాంట్రాక్టర్ దగ్గరికెళ్తే హెల్పర్ పనుంది చేస్తావా అన్నాడంట, వాళ్లమ్మ చెప్తూ ఏడ్చేసింది.

గవర్నమెంటూ, కంపెనీ దయచేసి ఉద్యోగాల హామీని మాటల్లో కాదు, రాతలో పెట్టాలి. టెర్మినల్లో కొన్ని షాపులు డ్వాక్రా సంఘాలకి ఇవ్వాలి, మా జీడిపప్పు అమ్ముకోడానికైనా. లోకల్ వాళ్లు ఎంతమంది ఏ పోస్టులో ఉన్నారో ప్రతి 3 నెలలకీ పంచాయతీ నోటీసు బోర్డులో అంటించాలి.

ఇట్లు,
భోగాపురం మండల వాసి, విజయనగరం జిల్లా