‘సెల్ఫ్ ఎక్స్‌ప్లనేటరీ’కి సరైన తెలుగు

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీలోని ఆంగ్ల పదాల శీర్షికలో ‘ఎక్స్‌ప్లనేటరీ’ అనే విశేషణానికి ‘వివరణాత్మకం’ అని, ‘సెల్ఫ్ ఎక్స్‌ప్లనేటరీ’కి ‘స్వీయ వివరణాత్మకం’ అని అర్థాలిచ్చారు. మొదటిది కొంతవరకు సరే గాని, రెండోది చదివితే తెలుగువారికి ఏమీ బోధపడదు.

ఈ మాటకు మూలం లాటిన్‌లోని ‘ఎక్స్‌ప్లానారే’. అందులోని ‘ప్లానుస్’ అంటే చదునైనది. ఎగుడుదిగుడుగా ఉన్నదాన్ని చదును చేయడమనే అర్థం నుంచే చిక్కు విషయాన్ని సులువుగా నడిచేలా చేసి చెప్పడమనే అర్థం వచ్చింది. సముద్రపు ఒడ్డున షికారుకు వదిలే చదునైన బాటను ‘ఎస్ప్లనేడ్’ అనడమూ ఈ మూలం నుంచే. ‘ఎక్స్‌ప్లెయిన్’ అనే క్రియ మాత్రం ‘ప్లెయిన్’ ప్రభావంతో స్పెల్లింగు మార్చుకుని ఒక ‘ఐ’ని చేర్చుకుంది, విశేషణంలోకి ఆ ‘ఐ’ రాలేదు. విద్యార్థులు తప్పు రాసేది సరిగ్గా అక్కడే కనుక, ఈ ముక్క ఒక్కటి చెప్పి ఉంటే ఎంతో ఉపయోగపడేది.

మన ‘వివరణ’ దారి వేరు. సంస్కృతంలో ‘వృ’ అంటే కప్పడం, ముందు ‘వి’ చేరితే కప్పినదాన్ని తెరవడం. వాళ్లు చదును చేస్తే మనం మూత తీస్తాం. ‘విప్పి చెప్పు’ అన్నా ఇంచుమించు అదే భావం. ఇక ‘ఆత్మక’ విషయం. వ్యాసం స్వభావమే వివరించడమైతే ‘వివరణాత్మక వ్యాసం’ అనవచ్చు గాని, పట్టిక కింద వేసే రెండు వాక్యాల ‘ఎక్స్‌ప్లనేటరీ నోట్’ను ‘వివరణాత్మక గమనిక’ అనడం మోయలేని బరువు. ‘వివరణ’ అంటే చాలు.

‘సెల్ఫ్ ఎక్స్‌ప్లనేటరీ’ అంటే తనను తాను వివరించుకునేదని పదాల కూర్పు చెబుతున్నా, వాడుకలో దానికి వేరే వివరణ అక్కర్లేనిదనే అర్థం. దరఖాస్తు ఫారంలో ‘పేరు’, ‘పుట్టిన తేదీ’ అనే గడులు అలాంటివి, చూడగానే తెలిసిపోతాయి. ‘ఇతరములు’ అనే గడిలో ఏం నింపాలో తెలియక కలం ఆగుతుంది కనుక దానికి ఎక్స్‌ప్లనేటరీ నోట్ కావాలి. రెండు మాటలకూ ఉన్న తేడా ఆ ఒక్క కాగితంలోనే కనిపిస్తుంది.

వచ్చే వారం శీర్షికలో ‘స్వీయ వివరణాత్మకం’ తీసేసి ‘వివరణ అక్కర్లేనిది’ అని సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు