పాట నేర్చిన గొంతుకు డబ్బింగ్ అందని పని కాదు

సంపాదకులకు నమస్కారం.

యానిమే (జపాన్ యానిమేషన్) పాత్రలకు గొంతు ఇవ్వాలని ఆశపడే పిల్లలు మన తిరుపతిలో చాలామందే ఉన్నారు. మిమిక్రీ వస్తే సరిపోతుందని వాళ్లకు ఎవరో చెబుతున్నారు. సరిపోదు.

‘నరుటో’లో హినాటాకు గొంతిచ్చిన మిజుకి నానాను చూడండి. చిన్నతనంలోనే ఎంకా అనే జపాన్ పాటల శైలి నేర్చుకున్నారు. మన గమకాల్లాంటి మెలికలున్న పాట అది. గాయనిగా 2000లో తొలి పాట వచ్చింది. 2009లో ఆమె ఆల్బమ్ జపాన్ సంగీత అమ్మకాలను లెక్కగట్టే ఒరికాన్ వారపు జాబితాలో మొదటి స్థానానికి చేరింది. వాయిస్ యాక్టర్లలో ఆ ఘనత ఆమెదే మొదట. 2011లో టోక్యో డోమ్ అనే పెద్ద స్టేడియంలో కచేరీ చేశారు. అంత నిండుగా పాడే మనిషి, మాట సగంలో మింగేసే హినాటాను అంత స్పష్టంగా ఎలా పలికించారు? ఊపిరి మీద పట్టు వల్లే. గుసగుసలో గాలి ఎక్కువ ఖర్చవుతుంది, పట్టు లేకుంటే వాక్యం చివరి అక్షరం మైకుకు అందదు.

జపాన్ స్టూడియోల్లో పదిమందికి పైగా నటులు మూడు నాలుగు మైకుల ముందు వంతులవారీగా నిలబడతారు. అడుగుల చప్పుడు, కాగితం తిప్పిన చప్పుడు, బట్టల గరగర వినపడితే ఆ టేకు పోయినట్టే. కొత్తవారికి అరగంట ఎపిసోడ్‌కు 15,000 యెన్లు. ఒక మాట పలికినా, వంద పలికినా అంతే. చాలామంది మరో పని చేసుకుంటూ నెట్టుకొస్తారు. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పాలి.

తెలుగు డబ్బింగ్‌కు ఒక వెసులుబాటు ఉంది. మనది అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగుస్తాయి; జపనీసు కూడా దాదాపు అంతే. యానిమేలో నోరు సాధారణంగా మూసినట్టు, సగం తెరిచినట్టు, పూర్తిగా తెరిచినట్టు మూడు రకాలుగానే గీస్తారు. కాబట్టి మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కుదిరితే చాలావరకు గట్టెక్కినట్టే. వాక్యం పొడవైతే వేగం పెంచడం కొత్తవారు చేసే పొరపాటు, అక్షరాలు నలిగిపోతాయి. ‘నేను నీ కోసమే ఇక్కడికి వచ్చాను’ పట్టకపోతే ‘నీ కోసమే వచ్చా’ అనాలి. ప, బ, భ పలికినప్పుడు గాలి మైకును కొడుతుంది. జానెడు దూరంలో, కాస్త పక్కకు తిరిగి పలకాలి.

శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో గాత్రం నేర్చుకునేవారికి వారానికి ఒక గంట మైకు సాధన చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. ఒక కండెన్సర్ మైకు, గాలి దెబ్బను ఆపే పాప్ ఫిల్టరు, గోడలకు మందపాటి దుప్పట్లు కట్టిన చిన్న గది ఉంటే మొదలుపెట్టవచ్చు. రికార్డింగ్ వేళ ఫ్యాన్ ఆపాలి. మన ఎండల్లో అది కష్టం కనుక, క్లాసు పొద్దున ఏడింటికే పెట్టాలి.

– డబ్బింగ్ స్వర శిక్షకులు, తిరుపతి