వాయించేది మనుషులో, ట్రాకో టిక్కెట్టు మీద చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో నలుగురు సభ్యుల స్వీడన్ పాప్ బృందం ‘అబ్బా’ గురించి (ఈ పేరు వినగానే నవ్వే తెలుగువాళ్లు మా కాలేజీ రోజుల్లోనూ ఉండేవారు) వ్యాసం రాసినవారు, ఆ బృందానిది స్టూడియో దాటితే నిలబడని సంగీతమని ఒక్క వాక్యంలో తేల్చేశారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ వారి కచేరీల బలం గురించి కూడా చెప్పవలసింది ఉంది, పైగా అది ఇవాళ హైదరాబాద్‌లో జరుగుతున్న పాత పాటల విభావరులకు నేరుగా వర్తిస్తుంది.

ముందు లోపమే చూద్దాం. ఆ బృందం ఇంజనీరు మైకేల్ ట్రెటోవ్ ఒకే గాత్రాన్ని, ఒకే వాద్యాన్ని మళ్లీ మళ్లీ రికార్డు చేయించి, టేపు వేగాన్ని రవ్వంత మార్చి, ఒకదానిపై ఒకటి పేర్చేవారు. అందుకే ఆబిడ్స్‌లో కొన్న క్యాసెట్లో గాయనులు అగ్నెథా, ఫ్రీడా ఇద్దరే పాడినా పదిమంది పాడినట్టు వినిపించేది. వేదిక ఎక్కితే ప్రధాన గొంతులు రెండే. 1977లో యూరప్, ఆస్ట్రేలియా పర్యటనకు అదనపు వాద్యకారులను, కోరస్ గాయనీగాయకులను వెంటబెట్టుకుని వెళ్లినా రికార్డులోని ఆ నిండుదనం పూర్తిగా రాలేదు. 1979 నవంబరులో లండన్ వెంబ్లీలో ఇచ్చిన కచేరీల రికార్డింగు ఇప్పుడు దొరుకుతోంది. ఇంట్లో రికార్డు విని అది వింటే తేడా తెలిసిపోతుంది. 1980 మార్చిలో జపాన్‌లో పాడాక వారు మళ్లీ పర్యటనకే వెళ్లలేదు.

అయితే ఆ వెంబ్లీ రికార్డింగులోనే స్టూడియోలో దొరకనిదీ ఉంది. గిటారు పదును పెరుగుతుంది, జనం చప్పట్లకు పాట ఊపందుకుంటుంది. 1977 మార్చిలో సిడ్నీలో జోరువానలో తడిసిన వేదిక మీద ఫ్రీడా జారిపడి, లేచి, కచేరీ కొనసాగించారు. అలాంటి రాత్రిని ముందే రికార్డు చేసి పెట్టుకున్న ఏ ట్రాక్ ఇవ్వగలదు? ఇంకా విచిత్రం, 2022 మే నుంచి లండన్‌లో నడుస్తున్న వారి ప్రదర్శనలో ఆ నలుగురూ వేదిక మీదకు రారు, కంప్యూటర్‌తో తయారుచేసిన వారి బొమ్మలు ఆడిపాడతాయి. గాత్రాలు రికార్డు చేసినవే. అయినా పదిమంది బృందం మాత్రం అక్కడే ఉండి నిజంగా వాయిస్తుంది.

మన దగ్గర సరిగ్గా తిరగబడింది. గత నెల నగరంలో ఒక సభాభవనంలో జరిగిన పాత సినిమా పాటల విభావరికి నేనూ, మా ఆవిడా వెళ్లాం. పోస్టరు మీద ‘పూర్తి వాద్యబృందంతో’ అని ఉంది. వేదిక మీద ఎనిమిదిమంది కూర్చున్న మాటా నిజమే. రెండో పాటలో వేణువు వినిపిస్తున్నంతసేపూ వేణువు కళాకారుడు సీసా ఎత్తి మంచినీళ్లు తాగుతున్నారు. చప్పట్లు చూసి గాయకుడు పల్లవిని మరోసారి అందుకోబోతే, ట్రాక్ ఆయన కోసం ఆగక చరణంలోకి వెళ్లిపోయింది. పాపం, ఆయన పరుగెత్తి దాన్ని అందుకున్నారు. గొంతు బాగుంది, అభ్యాసం ఉంది, కానీ ఒక్క సంగతి (అదే పంక్తిని కొత్త మలుపుతో పాడటం) అదనంగా వేసే వెసులుబాటు ఆయనకు ఆ సాయంత్రమంతా దొరకలేదు.

ట్రాక్ పెట్టి పాడటాన్ని నేను తప్పుపట్టను. చిన్న సభల్లో విశ్రాంత ఉద్యోగులు సరదాగా పాడుకునేటప్పుడు పూర్తి ఆర్కెస్ట్రాను పిలిపించే స్తోమత ఎవరికుంటుంది? అక్కడ ఎవరూ ఎవరినీ మోసం చేయడం లేదు. వెయ్యి, రెండు వేలు పెట్టి టిక్కెట్టు కొనిపించి, వాయించని వాద్యాలను చూపించడం మీదే నా అభ్యంతరం. దానివల్ల ప్రేక్షకుడి డబ్బుతోపాటు, నిజంగా వాయించగలిగిన తబలా, వయొలిన్ కళాకారుల ఉపాధి కూడా పోతోంది.

కాబట్టి టిక్కెట్టు మీద, పోస్టరు మీద ‘ప్రత్యక్ష వాద్యబృందం’ అనో ‘ట్రాక్ సహాయంతో’ అనో ఒక్క ముక్క అచ్చువేయాలని నిర్వాహకులను కోరుతున్నాను. రవీంద్రభారతి వంటి ప్రభుత్వ సభాభవనాలను అద్దెకిచ్చేటప్పుడు అధికారులు దరఖాస్తులో ఈ వివరం అడిగితే ఇంకా మంచిది. స్థలం చాలదనే మాట ఎవరూ అనలేరు. ఆ రాత్రి మాకిచ్చిన టిక్కెట్టు వెనుక, బయటి తినుబండారాలు తేకూడదన్న నిబంధనను మూడు భాషల్లో వేశారు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
చిక్కడపల్లి, హైదరాబాద్