సైటులో దెబ్బ తగిలితే తెల్లకాగితం మీద సంతకం పెట్టొద్దు

సెంట్రింగ్, తాపీ పని అన్నలు, అక్కలు అందరికీ,

నిన్న మన తమ్ముడొకడు పరంజా మీద నుంచి పడ్డాడు. మేస్త్రీ అతని చేతిలో కొంత డబ్బు పెట్టి, తెల్లకాగితం మీద వేలిముద్ర అడిగాడట. వేయొద్దు. పనిలో గాయపడితే వైద్యం ఖర్చు, నష్టపరిహారం రెండూ యజమాని బాధ్యతే. నష్టపరిహారం 1923 చట్టం నుంచీ ఉన్న హక్కు, ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. మేస్త్రీ ఫోన్ ఆపేసినా బిల్డర్ తప్పించుకోలేడు.

ఆసుపత్రిలో మాత్రం “ఇంట్లో జారిపడ్డాను” అని రాయించొద్దు, మేస్త్రీ పక్కనే నిలబడి చెప్పమన్నా సరే. కేసు అక్కడే పోవచ్చు. సైటులో పడ్డానని చీటీ మీద రాయించండి. కూలి పడిన ఫోన్‌పే మెసేజ్‌లు చెరపకండి, అపాయింట్‌మెంట్ లెటర్ లేనివాళ్లకు అవే సాక్ష్యం. క్లెయిమ్ కార్మిక శాఖ ఆఫీసులో వేయాలి. ఆలస్యం చేయకండి.

వెళ్లేవాళ్లు చెప్పండి, తోడు వస్తాను.