4294967297 ప్రధాన సంఖ్య కాదు

సంపాదకులకు,

ఆదివారం విద్యా పేజీలో ‘3, 5, 17, 257, 65537... తర్వాతిది ఏది?’ అన్న ప్రశ్నకు 4294967297 అని ఇచ్చిన జవాబు సరైనదే. ఒక్కో సంఖ్యలోంచి 1 తీసేసి, వర్గం చేసి, 1 కలిపితే తర్వాతిది వస్తుంది. కానీ ‘ఇవన్నీ ప్రధాన సంఖ్యలే’ అన్న వివరణ తప్పు. మొదటి అయిదూ ప్రధానాలే, ఆరోది కాదు. ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా కూడా 1640లో ఇలాగే అనుకున్నాడు లెండి. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ దాన్ని 641 × 6700417గా విడగొట్టాడు.

429 కోట్ల 49 లక్షల 67 వేల 297ను చూస్తే ఎవరైనా పొరబడతారు. అంకెల మొత్తం 59, కనుక 3 ఎక్కంలో పోదు. 7, 11, 13 ఎక్కాల్లోనూ పోదు. వర్గమూలం 65536 పైచిలుకు, అక్కడిదాకా 6542 ప్రధానాలున్నాయి. అన్నిటితోనూ భాగించి చూసే ఓపిక ఎవరికుంటుంది?

అంత అక్కర్లేదు. మన సంఖ్య 2³² + 1. దాన్ని ఏదైనా ప్రధానం భాగిస్తే, ఆ ప్రధానంతో 2³²ను భాగించినప్పుడు శేషం దానికి 1 తక్కువ. అంటే 2⁶⁴కు శేషం 1, అంతకన్నా చిన్న ఘాతం దేనికీ 1 రాదు. ప్రధానం కన్నా 1 తక్కువైన ఘాతానికీ శేషం 1 రావాలి కనుక, ఆ ప్రధానంలోంచి 1 తీసేస్తే 64 ఎక్కంలో పోయి తీరాలి. అలాంటి ప్రధానాలు వరుసగా 193, 257, 449, 577, 641. అయిదోదే దొరుకుతుంది!

641తో సరిచూడటానికి పెద్ద భాగహారం కూడా వద్దు. 2⁸ అంటే 256. దాని వర్గం 65536కు శేషం 154. 154 వర్గం 23716కు శేషం 640, ఇదే 2³²కు శేషం. 1 కలిపితే 641, నిశ్శేషం. తొమ్మిదో తరగతి పిల్లలు నోట్‌బుక్‌లో అర పేజీలో చేయగలరు.

కంప్యూటర్‌లో చూద్దామనుకునేవారికి ఒక జాగ్రత్త. 32 బిట్ల పూర్ణాంకంలో, రుణ సంఖ్యలు లేకుండా చూసినా, 4294967295కు మించి పట్టదు. ఆపై మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది కనుక మన సంఖ్య 1గా మిగులుతుంది. 2 నుంచి భాగించుకుంటూ పోయే ప్రోగ్రామ్‌కు అక్కడ భాగించడానికేమీ ఉండదు, ‘ప్రధానమే’ అనేస్తుంది. 64 బిట్లది వాడాలి. 2 ఆధారంగా చేసే ఫెర్మా పరీక్షనూ (సంఖ్య కన్నా 1 తక్కువైన ఘాతానికి 2ను పెంచి, ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తే ప్రధానమనుకోవడం) నమ్మకూడదు. 2⁶⁴కు శేషం 1, పరీక్షలో వచ్చే ఘాతం 2³² ఏమో 64కు గుణిజం, కాబట్టి సంయుక్త సంఖ్య అయినా నెగ్గేస్తుంది. అదే పరీక్షను 3తో చేస్తే దొరికిపోతుంది.

సవరణ వేసేటప్పుడు పక్కనున్న 4294967295నూ చేర్చండి. అది 3 × 5 × 17 × 257 × 65537, మీ ప్రశ్నలోని అయిదు సంఖ్యల లబ్ధమే.

– ఒక లెక్కల మాస్టారు, తెనాలి